విషానికి విరుగుడు ఇనుప రజను

పెరట్లో పారేసిన మేకు రెండు వానలకే తుప్పు పడుతుంది. తుప్పు అంటే మనకు నష్టమనే తెలుసు. పైపులు, వంతెనలు, ఓడలు దానివల్ల పాడవుతాయి. దాన్ని ఆపడానికే రంగులు వేస్తాం, జింకు పూత పూస్తాం. అయితే ఇదే తుప్పు నేల అడుగున దాగిన విషాన్ని విరిచి తాగే నీటిని కాపాడగలదంటే మీరు నమ్ముతారా? ఈ సంగతి శాస్త్రజ్ఞులు గుర్తించడానికే చాలా కాలం పట్టింది. గుర్తించింది కూడా దాన్ని వెదుకుతూ కాదు, నీటి నమూనాల కొలతల్లో ఎక్కడ పొరపాటు జరుగుతోందో వెదుకుతూ! ఆ కథ తెలుసుకోవాలంటే ముందు ఆ విషమేమిటో చూడాలి.

చెరగని మురికి

ఇరవయ్యవ శతాబ్దంలో యంత్ర పరిశ్రమలు పెరిగేకొద్దీ లోహపు భాగాలకు అంటిన నూనె జిడ్డును వదిలించడం పెద్ద పనిగా మారింది. పెట్రోలుతో తుడిస్తే జిడ్డు పోతుంది గాని మంటలు అంటుకునే ప్రమాదం ఉంది. అప్పుడు ట్రైక్లోరోఎథిలీన్ అనే ద్రావణి వాడుకలోకి వచ్చింది. దీన్ని క్లుప్తంగా టి.సి.ఇ. అంటారు. రెండు కార్బన్ పరమాణువులు, మూడు క్లోరిన్ పరమాణువులు, ఒక హైడ్రోజన్ పరమాణువు కలిస్తే దీని అణువు ఒకటి. సులభంగా మంట అంటుకోదు, జిడ్డును ఇట్టే కరిగిస్తుంది, త్వరగా ఆరిపోతుంది. ఒకప్పుడు దీన్ని మత్తుమందుగా కూడా వాడారు. దీనికి తోబుట్టువు వంటిదే నాలుగు క్లోరిన్లున్న పి.సి.ఇ. డ్రైక్లీనింగ్ దుకాణాల్లో బట్టలు ఉతకడానికి దాన్ని వాడారు.

వాడి మురికైపోయిన ద్రావణిని ఏం చేయాలి? నేలమీద పారబోస్తే గాలిలో కలిసిపోతుందనుకున్నారు. కొంత కలిసింది. మిగిలింది నేలలోకి ఇంకింది. టి.సి.ఇ. నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువైనది. అందువల్ల అది భూగర్భ జలంపై తేలకుండా, దానిలోంచి కిందికి దిగిపోయి, ఇసుక రేణువుల సందుల్లో చిన్న చిన్న బిందువులుగా ఇరుక్కుంటుంది. అడుగున బంకమట్టి పొర తగిలితే దానిపై మడుగు కడుతుంది.

అక్కడ అది ఎందుకు చెరిగిపోదు? నేలలోని సూక్ష్మజీవులు సాధారణంగా తమ ఆహారాన్ని ఆక్సీకరణం చేసి, అంటే దాని నుంచి ఎలక్ట్రాన్లు లాక్కొని, శక్తి పొందుతాయి. క్లోరిన్లు ఎక్కువగా ఉన్న అణువులో కార్బన్‌కు చెందిన ఎలక్ట్రాన్లను క్లోరిన్ ముందే తనవైపు లాగేసుకొని ఉంటుంది. అందులో ఆ జీవులకు దొరికేది చెరకు పిప్పి మాత్రమే, రసం కాదు. మంటపట్టకుండా, చెడిపోకుండా ఉండడమే కర్మాగారంలో టి.సి.ఇ. గొప్పతనం. నేల అడుగున అదే గుణం శాపమైంది.

ఒక చిన్న లెక్క వేయండి. అమెరికాలో తాగేనీటిలో టి.సి.ఇ. లీటరుకు 5 మైక్రోగ్రాములకు మించరాదు. ఒక లీటరు టి.సి.ఇ. బరువు సుమారు 1.46 కిలోగ్రాములు, అంటే 146 కోట్ల మైక్రోగ్రాములు. దీన్ని 5తో భాగిస్తే 29 కోట్లు దాటుతుంది. ఒక్క లీటరు ద్రావణి 29 కోట్ల లీటర్ల నీటిని ఆ హద్దుదాకా చెడగొట్టగలదన్నమాట!

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో వోబర్న్ అనే ఊరుంది. ఆ ఊరికి నీరిచ్చే రెండు బావుల్లో టి.సి.ఇ. తదితర ద్రావణులు ఉన్నట్లు 1979లో తేలింది. బావులు మూసేశారు. ఆ సరికే అక్కడి పిల్లల్లో ల్యుకేమియా కేసులు ఎక్కువగా ఉన్నాయని తల్లిదండ్రులు గమనించి ఆందోళన చెందుతున్నారు. వ్యవహారం న్యాయస్థానానికి వెళ్లింది. టి.సి.ఇ. మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది.

తోడినా తరగని విషం

న్యూయార్క్ రాష్ట్రంలోని లవ్ కెనాల్ అనే చోట, పాతిపెట్టిన రసాయన వ్యర్థాలపై కట్టిన ఇళ్లను 1978 నుంచి ఖాళీ చేయించవలసి వచ్చింది. ఆ సంచలనం తర్వాత 1980లో అమెరికా ‘సూపర్‌ఫండ్’ చట్టం చేసింది. కలుషిత స్థలాలను శుభ్రపరచే పని పెద్ద ఎత్తున మొదలైంది.

అప్పుడు తోచిన ఉపాయం సులభమైనదే. బోర్లు వేసి నీటిని పైకి తోడాలి, శుద్ధి చేసి వదిలేయాలి. మొదట్లో నీటిలో విషం వేగంగా తగ్గింది. తర్వాత తగ్గడం ఆగిపోయింది. పంపులు ఆపితే మళ్లీ పెరిగింది. ఎందుకని? కుండ అడుగున గట్టిపడిన బెల్లం గడ్డ ఉందనుకోండి. మీరు తీపి నీరు పారబోసి ఎన్నిసార్లు మంచినీరు నింపినా, గడ్డ కరిగేదాకా నీరు తియ్యగానే ఉంటుంది. ఇక్కడ గడ్డ స్థానంలో ఉన్నవి ఇసుక సందుల్లో ఇరుక్కున్న ద్రావణి బిందువులు. ఈ బరువైన ద్రావణులు నేలలో ఎలా దిగుతాయో జర్మనీకి చెందిన ఫ్రీడ్రిక్ ష్విల్లె గాజు తొట్లలో ఇసుక పోసి ప్రయోగాలు చేసి చూపాడు. ఆయన పుస్తకం 1988లో ఇంగ్లీషులోకి వచ్చాక చాలామందికి కళ్లు తెరుచుకున్నాయి.

అమెరికా జాతీయ పరిశోధనా మండలి 1994లో ఒక నివేదిక వెలువరించింది. నీటిని తోడి శుద్ధి చేస్తున్న 77 స్థలాలను పరిశీలిస్తే, వాటిలో 69 చోట్ల లక్ష్యం ఇంకా నెరవేరలేదు. కరెంటు ఖర్చు మాత్రం ఏటేటా సాగుతూనే ఉంది.

కొలత ఎందుకు తప్పుతోంది?

ఇదే కాలంలో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ గిల్‌హామ్ బృందం మరో చిన్న సమస్యతో కుస్తీ పడుతోంది. భూగర్భ జలంలో విషం ఎంతుందో కొలవాలంటే గొట్టం దించి నమూనా తీయాలి. ఆ గొట్టమే కొంత విషాన్ని పీల్చుకుంటే కొలత తప్పుతుంది. కాబట్టి ఏ పదార్థంతో చేసిన గొట్టం వాడాలి? దీన్ని తేల్చడానికి టి.సి.ఇ. వంటి పదార్థాలు కలిపిన నీటిలో రకరకాల ప్లాస్టిక్కులు, గాజు, లోహాలు ఉంచి చూశారు.

గాజు నమ్మదగినదని తేలింది. ప్లాస్టిక్కులు విషాన్ని మెల్లగా పీల్చుకున్నాయి. అది ఊహించినదే. ఊహించనిది లోహాల దగ్గర జరిగింది. లోహం స్పాంజి కాదు, కర్బన పదార్థాలను తనలోకి పీల్చుకోలేదు. అయినా కొన్ని లోహాలున్న నీటిలో విషం తగ్గిపోతోంది! తగ్గే తీరు కూడా ప్లాస్టిక్కులలో తగ్గే తీరులా లేదు. ఈ ఫలితాలు 1990లో అచ్చయ్యాయి. ఆ వ్యాసం శీర్షిక నమూనాల సేకరణలో వచ్చే దోషం గురించే.

ఇక్కడ ఆగిపోతే కథ ఉండేది కాదు. ‘లోహపు గొట్టాలు వాడకండి’ అని రాసి పక్కన పెట్టేస్తే సరిపోయేది. గిల్‌హామ్ మరో ప్రశ్న వేసుకున్నాడు. విషం లోహానికి అంటుకోలేదు, గాలిలోకి పోలేదు. మరి ఎక్కడికి పోయింది? పోలేదు, విరిగిపోయింది! కొలతకు అడ్డమైన దోషమే చికిత్సకు మందు కాగలదని ఆయన గ్రహించాడు. చౌకగా దొరికే ఇనుప రజనుతో ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఎన్నో ఏళ్లు చెక్కుచెదరని అణువులు ఇనుము సమక్షంలో గంటల లెక్కలో విరిగిపోయాయి.

అయితే ఇనుముకు ఈ శక్తి ఉందని అంతకుముందు ఎవరికీ తెలియదా? తెలుసు. నైట్రోబెంజీన్‌ను ఇనుముతో అనిలీన్‌గా మార్చే పద్ధతిని ఫ్రెంచి రసాయనజ్ఞుడు బెషాంప్ 1854లోనే కనిపెట్టాడు. కృత్రిమ రంగుల పరిశ్రమ దానిమీదే నిలిచింది. లోహాలతో క్లోరిన్ ఉన్న పురుగుమందులను విరగ్గొట్టవచ్చని 1972లో పేటెంటు కూడా వచ్చింది. కాని భూగర్భ జలాన్ని పరిశీలించేవారికి ఆ రసాయన శాస్త్రం పట్టలేదు. ఆ రసాయనజ్ఞులకు భూగర్భ జలం పట్టలేదు. రెండూ కలిసింది వాటర్లూ ప్రయోగశాలలో.

ఎలక్ట్రాన్ల దానం

దీనిలోని రసాయన శాస్త్రం మీకు కొత్తేమీ కాదు. నీలిరంగు కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ఇనుప మేకు వేసే ప్రయోగం బడిలో చేసే ఉంటారు. కాసేపటికి మేకుకు ఎర్రని రాగి పూత పడుతుంది, ద్రావణం నీలిరంగు తగ్గుతుంది. ఇనుప పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు వదులుకొని నీటిలో కలుస్తుంది. వాటిని రాగి అయాను తీసుకొని లోహంగా మారుతుంది. ఎలక్ట్రాన్లు కోల్పోవడం ఆక్సీకరణం, పొందడం క్షయకరణం.

టి.సి.ఇ. దగ్గరా ఇదే జరుగుతుంది. తుప్పు పడుతున్న ఇనుము ఎలక్ట్రాన్లు ఇస్తుంది. వాటిని తీసుకొని క్లోరిన్ కార్బన్‌ను వదిలి క్లోరైడు అయానుగా నీటిలోకి వెళ్లిపోతుంది. మనం తినే ఉప్పులో ఉన్నది ఆ క్లోరైడే. ఒక టి.సి.ఇ. అణువులోని మూడు క్లోరిన్లూ ఊడి, వాటి చోట హైడ్రోజన్లు చేరడానికి ఆరు ఎలక్ట్రాన్లు కావాలి. అంటే మూడు ఇనుప పరమాణువులు. మిగిలేది ఎథిలీన్, కాయలను మగ్గబెట్టే వాయువు. సూక్ష్మజీవులు ఎంతటి పిప్పిలో రసం లేదని వదిలేశాయో, ఆ పిప్పికి ఇనుము ఎలక్ట్రాన్లు దానం చేసి కరిగించిందన్నమాట.

భూమిలో ఇనుప గోడ

ప్రయోగశాలలో పనిచేసినంత మాత్రాన నేలలో పనిచేస్తుందా? ఆంటారియోలోని బోర్డెన్ సైనిక స్థావరంలో వాటర్లూ శాస్త్రజ్ఞుల ప్రయోగ క్షేత్రం ఉంది. 1991లో అక్కడ నీరు పారే దారికి అడ్డంగా ఒకటిన్నర మీటర్ల మందాన ఒక గోడ పాతారు. గోడ అంటే ఇటుకల గోడ కాదు. బరువులో 22 శాతం ఇనుప రజను, మిగిలింది ఇసుక. నీటిని అది ఆపదు, తనలోంచి పోనిస్తుంది. నీటితో వచ్చిన విషాన్ని మాత్రం దారిలోనే విరగ్గొడుతుంది. పంపు లేదు, కరెంటు లేదు. ఐదేళ్ల పాటు పరిశీలిస్తే గోడ దాటిన నీటిలో టి.సి.ఇ. 90 శాతం, పి.సి.ఇ. 86 శాతం తగ్గాయి. ఐదేళ్లకూ గోడ శక్తి తగ్గిన జాడ లేదు.

1995 నాటికి కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక పాత సెమీకండక్టర్ కర్మాగారం స్థలంలో ఇలాంటి గోడ వెలిసింది. వాణిజ్య అవసరానికి కట్టిన మొదటి ఇనుప గోడ అదే. నీటిని తోడి శుద్ధి చేసే యంత్రాలను అక్కడ తీసేశారు. 1996లో ఉత్తర కరొలినాలోని ఎలిజబెత్ సిటీలో తీర రక్షక దళం స్థావరం వద్ద 46 మీటర్ల పొడవు, 7.3 మీటర్ల లోతు, 0.6 మీటర్ల మందంతో పాతిన గోడ మరో మెట్టు పైకెక్కింది. అక్కడి నీటిలో టి.సి.ఇ.తో పాటు లోహపు పూతల కార్ఖానా నుంచి వచ్చిన క్రోమియం ఉంది.

క్రోమియం మూలకం గనుక దాన్ని విరగ్గొట్టలేం. కాని దాని రూపాన్ని మార్చవచ్చు. ఆరు సంయోజకత గల క్రోమియం విషపూరితమైనది, పసుపుపచ్చగా నీటిలో కరిగి ఎంత దూరమైనా పోతుంది. ఇనుము దానికి మూడు ఎలక్ట్రాన్లు ఇస్తే మూడు సంయోజకత గల క్రోమియంగా మారి, ఇనుముతో కలిసి మడ్డిగా నేలలోనే ఉండిపోతుంది. పదిహేనేళ్ల తర్వాత పరిశీలించినా ఎలిజబెత్ సిటీ గోడ క్రోమియంను పట్టి ఉంచుతూనే ఉంది.

రెండో దారి: ఎలక్ట్రాన్లు లాక్కోవడం

ఎలక్ట్రాన్లు ఇచ్చి విషాన్ని విరగ్గొట్టడం ఒక దారి. బలవంతాన లాక్కొని విరగ్గొట్టడం మరో దారి. కేంబ్రిడ్జిలో హెచ్.జె.హెచ్. ఫెంటన్ హైడ్రోజన్ పెరాక్సైడుకు కాస్త ఇనుప లవణం కలిపి టార్టారిక్ ఆమ్లాన్ని ఆక్సీకరణం చేశాడు. చింతపండులో ఉండే పులుపు అదే. ఆయన వ్యాసం 1894లో వచ్చింది. ఆ మిశ్రమంలో పుట్టేది హైడ్రాక్సిల్ రాడికల్ అని 1934లో హేబర్, వైస్ సూచించారు. అది దాదాపు ఏ కర్బన అణువునైనా కొరికేస్తుంది. ఫెంటన్ మిశ్రమాన్ని నేలలోకి ఎక్కించి విషాన్ని కాల్చివేయడం మరో వందేళ్లకు గాని పెద్దగా అమలులోకి రాలేదు.

ఈ దారిలో మనకు బాగా తెలిసిన పదార్థం పొటాషియం పర్మాంగనేట్. ఆగ్రాలో ప్రభుత్వ రసాయన పరీక్షకుడుగా పనిచేసిన ఇ.హెచ్. హాంకిన్ 1890లలో కలరాను అరికట్టడానికి దీన్ని బావుల్లో వేయించాడు. బావినీరు గులాబి రంగుకు తిరిగేది. అప్పుడు దాని గురి సూక్ష్మజీవుల మీద. సరిగ్గా వందేళ్ల తర్వాత, 1990లలో, బోర్డెన్ క్షేత్రంలోనే ఇదే పర్మాంగనేట్‌ను ద్రావణి బిందువుల మీదికి పారించి చూశారు. టి.సి.ఇ. కార్బన్ డయాక్సైడుగా, క్లోరైడుగా మారింది. ఇనుప గోడ విషం వచ్చే దారిలో కాపు కాస్తుంది. పర్మాంగనేట్ విషం దాగిన చోటికే వెళ్లి దాన్ని పట్టుకుంటుంది. కాని మట్టిలోని ఆకుల కుళ్లు, ఖనిజాలు కూడా దాన్ని తినేస్తాయి. అందుకని ఎంత అవసరమో ముందే నేలను పరీక్షించి లెక్కకట్టాలి.

మన నేల సంగతి

రాజస్థాన్‌లో ఉదయపూర్ సమీపాన బిచ్చడి అనే గ్రామం ఉంది. 1980ల చివర అక్కడి కర్మాగారాలు రంగుల తయారీకి వాడే హెచ్-ఆమ్లాన్ని ఉత్పత్తి చేశాయి. దాని తయారీలోనూ బెషాంప్ పద్ధతిలో ఇనుప పొడి వాడతారు. 375 టన్నుల హెచ్-ఆమ్లం తయారుకాగా మిగిలిన ఇనుము, జిప్సం కలిసిన మడ్డి సుమారు 2,440 టన్నులు. అది బయట పడి ఉండగా వానలు కురిశాయి. బావుల్లోని నీరు ముదురు గోధుమరంగుకు తిరిగింది. తాగడానికీ, పొలానికీ పనికిరాకుండా పోయింది. ఒక చోట ఎలక్ట్రాన్లు ఇచ్చి నీటిని కాపాడిన ఇనుమే మరోచోట వ్యర్థంగా మారి నీటిని చెడగొట్టడంలో పాలుపంచుకుంది. తప్పు ఇనుముది కాదని వేరే చెప్పనక్కరలేదు.

1996 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ కేసులో తీర్పు ఇచ్చింది. కలుషితం చేసినవారే శుభ్రపరచే ఖర్చు భరించాలని స్పష్టం చేసింది. ఆ తీర్పు రాసినవారు తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. అయినా సొమ్ము వెంటనే చేతికి రాలేదు. 37.385 కోట్ల రూపాయలు చక్రవడ్డీతో కట్టాలని 2011లో కోర్టు మళ్లీ ఆదేశించవలసి వచ్చింది. ఈ పదిహేనేళ్లూ భూగర్భ జలం మాత్రం వాయిదా పడలేదు, తన దారిన తాను పారుతూనే ఉంది.

తమిళనాడులోని రాణిపేటలో క్రోమియం రసాయనాలు తయారుచేసిన కర్మాగారం 1990ల మధ్య మూతపడింది. దాదాపు 2.27 లక్షల టన్నుల క్రోమియం వ్యర్థాల గుట్ట మాత్రం ఏళ్ల తరబడి పాలారు నది పరీవాహకంలోనే ఉండిపోయింది. ఆ గుట్ట నుంచి కాలుష్యం ఎటు, ఎంత దూరం పాకుతుందో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు అధ్యయనం చేశారు. ఎలిజబెత్ సిటీలో ఇనుము ఏ క్రోమియంను పట్టిందో, రాణిపేట నీటిలో ఉన్నదీ అదే.

అయితే అక్కడి గోడను తెచ్చి ఇక్కడ పాతితే సరిపోతుందా? సరిపోదు. బోర్డెన్, ఎలిజబెత్ సిటీలలో ఉన్నవి ఇసుక నేలలు. కందకం తవ్వి గోడ పాతడం తేలిక. దక్షిణ భారతంలో చాలాచోట్ల, పటాన్‌చెరు పారిశ్రామిక వాడతో సహా, నేల అడుగున గట్టి రాయి. నీరు రాతి పగుళ్లలో పారుతుంది. ఏ పగులు ఎటు పోతుందో తెలియకుండా గోడ పాతితే నీరు దాన్ని తప్పించుకొని పోతుంది. పైగా కుప్పను అలాగే ఉంచి దిగువన గోడ కట్టడం, కొళాయి కట్టకుండా నేల తుడవడం వంటిదే. ముందు మూలాన్ని తీసేయాలి లేదా కప్పివేయాలి.

అన్ని విషాలకూ ఇనుము లొంగదు. ఫ్లోరిన్ ఉన్న కొన్ని కర్బన పదార్థాలను ఇప్పుడు ప్రపంచమంతటా నీటిలో కనుగొంటున్నారు. కార్బన్-ఫ్లోరిన్ బంధం కర్బన రసాయన శాస్త్రంలో అన్నిటికంటే గట్టి బంధాల్లో ఒకటి. సాధారణ ఇనుప రజను దాన్ని విరవలేదు. దానికి తగిన ఉపాయం కోసం పరిశోధనలు సాగుతున్నాయి.

భారత ప్రభుత్వం 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నియమాలు ప్రకటించింది. అటువంటి స్థలాలను గుర్తించడం, పరీక్షించడం, శుభ్రపరచడం, ఖర్చు రాబట్టడం వాటిలో చేరాయి. ఈ నియమాలు కాగితం దాటి నేలమీదికి రావాలంటే రాళ్లను చదవగల భూగర్భ శాస్త్రజ్ఞులు, నీటిని నమ్మకంగా కొలవగల రసాయనజ్ఞులు మన జిల్లాల్లోనే కావాలి. మీలో కొందరు ఆ పనిలోకి వెళతారు. మీ నమూనాల్లో ఒకనాడు లెక్కకు అందకుండా ఏదైనా మాయమైతే, పరికరాన్ని తిట్టి పక్కన పెట్టకండి. అది ఎక్కడికి పోయిందో కనుక్కోండి.